‘నువ్వు కూచో నాయనా’ అనే ముందు

పొద్దున ఏడయింది. మీ నాయన టవలు భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“యాడికి నాయనా?”

“అట్ల చీనీచెట్ల కాడికి పోయొస్తా.”

“ఎందుకు? మోటరు నేను ఫోన్లోనే ఏసినా. నువ్వు కూచో.”

ఆయన చెప్పులు గోడవారన వదిలేసి అరుగు మీద కూర్చుంటాడు. కాసేపటికి మీ అమ్మ పొరక అందుకుంటే కోడలు చేతిలోంచి తీసేసుకుంటుంది. “నీకెందుకత్తా, నేను ఊడుస్తా గదా.” అమ్మ కూడా పంచలోకి వెళ్ళి కూర్చుంటుంది.

ఇందులో తప్పెవరిది? ఎవరిదీ కాదు. జీవితమంతా ఎండలో ఒళ్ళు వంచిన మనుషులు ఇకనైనా సుఖపడాలని మీరు అనుకున్నారు. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ ఆ ప్రేమ వాళ్ళ కాళ్ళ నుంచి రోజుకు ఎన్ని అడుగులు తీసేస్తోందో ఎప్పుడైనా లెక్క చూశారా?

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెనే తీసుకోండి. బయటివాళ్ళకు ఆ ఊరి పేరు యురేనియం గని వల్ల తెలుసు. గనికి భూమి ఇచ్చిన ఇంట్లో పెద్దాయనకు పొద్దున లేస్తే వెళ్ళడానికి చేను లేదు. అరటితోటో చీనీతోటో మిగిలిన ఇంట్లో చేను ఉంది, కానీ అక్కడ ఆయన చేయాల్సిన పని మిగల్లేదు. నీళ్ళు కట్టే పని డ్రిప్పు చేస్తుంది. మోటరు వేసే పని ఫోను చేస్తుంది. ఊళ్ళోకి వెళ్ళాలంటే మనవడి బండి ఉంది. కొళాయి వాకిట్లో ఉంది. 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైన వృద్ధాప్య పింఛను కూడా ఒకటో తేదీన ఇంటికే వచ్చి చేతిలో పెడుతున్నారు. వీటిలో ఒక్కటీ చెడ్డది కాదు. ఎండలో క్యూలో నిలబడిన రోజులు మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. అయితే ఇవన్నీ కలిసి ఒక మనిషి రోజులోంచి ఎంత నడకను తీసేశాయో ఎవరూ కొలవలేదు. కొలవలేదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

మీ నాయన బీపీ ఎంతో మీకు తెలుసు. షుగరు ఎంతో తెలుసు. మరి ఆయన రోజుకు ఎంతసేపు కదులుతున్నాడు? చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలడు? చాలా ఇళ్ళలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కటే: “మా నాయన పొద్దస్తమానం తిరుగుతానే ఉంటాడు సార్.” ఇరవై ఏళ్ళ కిందట అది నిజమే అయి ఉంటుంది. ఇప్పుడూ నిజమేనా?

ఒక్క లెక్క చెప్తాను, గుర్తుపెట్టుకోండి. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది పెద్దవాళ్ళను, సగటున 67 ఏళ్ళవాళ్ళను, పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ పది రోజుల్లోనే వాళ్ళ కాళ్ళలో సుమారు ఒక కిలో కండ కరిగిపోయింది. జబ్బేమీ లేదు, కేవలం పడుకున్నారు, అంతే. జ్వరం వచ్చి తగ్గాక “ఇంకో వారం మంచం దిగొద్దు” అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో ఆలోచించండి.

ముందు కొలుద్దాం

సలహా చెప్పడానికి ముందు కొలత ఉండాలి. అంగీ కుట్టేవాడు కూడా టేపు పట్టకుండా గుడ్డ కత్తిరించడు కదా. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఒక చేతి గడియారమో ఫోన్లోని స్టాప్‌వాచో, ఒక గట్టి కుర్చీ, ఒక సుద్దముక్క, పిల్లల పాత నోటుపుస్తకం చాలు.

ఈ కొలతలు మన దగ్గర కొత్తవి కూడా కావు. 2017-18లో దేశమంతా 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా జనంతో వృద్ధాప్యం మీద ‘లాసీ’ అనే పెద్ద సర్వే జరిగింది. ఇళ్ళకు వెళ్ళి అడగడంతో ఆపకుండా నాలుగు మీటర్లు నడిపించి సమయం చూశారు, పిడికిలి పట్టు చూశారు, నిలకడ చూశారు. అంత పెద్ద సర్వే చేసిన పనిలో కొంత మీ పంచలో మీరే చేసుకోవచ్చు.

1. ‘నిన్న’ అని అడగండి

“రోజూ ఎంత నడుస్తావ్ నాయనా?” అని అడిగితే వచ్చే జవాబు దేనికీ పనికిరాదు. “శానా నడుస్తా” అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన మనసులో ఇంకా గొర్రు తోలిన కాలమే ఉంది. ఎక్కడైనా మనుషులు తమ నడకను తలుచుకుని చెప్పేటప్పుడు కాస్త ఎక్కువే చెప్తారు.

అందుకని నిన్నటి రోజును ముక్కలు చేసి అడగండి. నిన్న ఎన్నింటికి లేచినావ్? లేచినాక యాడికి పోయినావ్? రచ్చకట్ట కాడికి నడిచి పోయినావా, బండెక్కి పోయినావా? ఆడ ఎంతసేపు కూచున్నావ్? మధ్యాహ్నం ఎంతసేపు పడుకున్నావ్? టీవీ ముందు ఎంతసేపు? సాయంత్రం గుడికి పోయినావా? ఒక్కో జవాబు పక్కన నిమిషాలు వేయండి. ఇలా మూడు రోజులు. మూడో రోజుకు ఆయనే మీరు అడగకముందే చెప్పడం మొదలుపెడతాడు.

అమ్మను అడిగేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. “నేనేం పని జేస్తాలేప్పా” అనేస్తుంది. వంట, అంట్లు, పేడ ఎత్తడం, బియ్యం ఏరడం ఆమె లెక్కలో పనులే కావు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. కూర్చుని చేసేవి వేరుగా, నిలబడి తిరుగుతూ చేసేవి వేరుగా రాయండి. బియ్యం ఏరడం గంటసేపు చేసినా కాళ్ళకు అది విశ్రాంతే.

ఇంకో మాట. మన సీమ పల్లెల్లో ఏడాదంతా ఒక్క తీరుగా ఉండదు. శెనక్కాయ కలుపు తీసే రోజుల్లో, కాయ పెరికే రోజుల్లో అరవై దాటినవాళ్ళు కూడా పొద్దున పోయి సాయంత్రం వస్తారు. కరువు పనికి పోయే రోజుల్లోనూ అంతే. అవి అయిపోయాక నెలల తరబడి అరుగే. కాబట్టి ఒకసారి పనుల కాలంలో, ఒకసారి పనుల్లేని కాలంలో ఈ లెక్క రాయండి. అసలు ప్రమాదం ఎక్కడుందో రెండో పేజీ చూపిస్తుంది.

2. మాట, పాట

కదలడం అంటే ఎంత గట్టిగా కదలాలి? దీనికి మీటరు అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థాయి శ్రమ. హాయిగా భజన పాట అందుకోగలుగుతున్నాడంటే నడక మరీ మెత్తగా ఉంది. రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడంటే ఎక్కువైంది, తగ్గించమనండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం 65 దాటినవాళ్ళకు ఇలాంటి శ్రమ వారానికి 150 నుంచి 300 నిమిషాలు కావాలి. దాంతోపాటు కండలకు బలం వచ్చే పని వారానికి రెండు రోజులైనా, నిలకడ పెంచే కసరత్తు మూడు రోజులైనా ఉండాలి. ఒకేసారి పది నిమిషాలకు తక్కువ చేస్తే లెక్కలోకి రాదన్న పాత నియమం ఇప్పుడు లేదు. గేటు దాకా వెళ్ళి వచ్చిన రెండు నిమిషాలూ లెక్కే. ఈ ఒక్క సంగతి చెబితేనే చాలామంది పెద్దవాళ్ళకు ధైర్యం వస్తుంది.

3. కుర్చీ పరీక్ష

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన కొలత ఇదే. ఎందుకంటే మంచం మీంచి లేవడం, బస్సు సీట్లోంచి లేవడం, మరుగుదొడ్డికి వెళ్ళి రావడం అన్నీ ఈ ఒక్క శక్తి మీదే నిలబడి ఉన్నాయి. మనిషి ఇతరుల మీద ఆధారపడే రోజు ఎంత దగ్గరలో ఉందో కుర్చీ ముందే చెప్తుంది.

చేతులు లేని గట్టి కుర్చీ కావాలి, సుమారు 17 అంగుళాల ఎత్తు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, నున్నటి బండల మీద అది వెనక్కి జారుతుంది. చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి. పెద్దాయన మధ్యలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, రెండు చేతులూ రొమ్ము మీద అడ్డంగా పెట్టుకోవాలి. మీరు “ఊఁ” అనగానే పూర్తిగా నిలబడి మళ్ళీ కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు నిలబడ్డాడో లెక్కపెట్టండి. చేతులు ఆనించకుండా లేవలేకపోతే సున్నా వేయండి. సున్నా చూసి దిగులుపడొద్దు, మొదలుపెట్టే చోటు తెలిసింది.

అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాడే పట్టిక ప్రకారం, కింది అంకెలకు తక్కువ వస్తే కాళ్ళ బలం వయసుకు తగ్గట్టు లేదని, పడిపోయే ముప్పు ఉందని అర్థం:

60–64 ఏళ్ళు: మగవాళ్ళకు 14, ఆడవాళ్ళకు 12
65–69: 12, 11
70–74: 12, 10
75–79: 11, 10
80–84: 10, 9
85–89: ఇద్దరికీ 8

ఇవి అక్కడి మనుషుల్ని కొలిచి వేసిన గీతలు. మనకు అదొక ఆనవాలు మాత్రమే. మీరు చూడాల్సింది మీ నాయన పోయిన నెల అంకెనూ ఈ నెల అంకెనూ. పక్కింటాయన అంకెతో మీకు పని లేదు.

4. ఐదు బండల నడక

కడప బండలు పరిచిన ఇల్లయితే ఈ కొలత మరీ సులువు. రెండడుగుల బండలైతే వరసగా ఐదు బండలు, అంటే పది అడుగులు, సుమారు మూడు మీటర్లు. అక్కడ సుద్దతో గీత గీయండి. కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చోవాలి. చేతికర్ర అలవాటుంటే కర్రతోనే. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. అంకెతో పాటు నడకనూ చూడండి. తిరిగేటప్పుడు తడబడ్డాడా? గోడ పట్టుకున్నాడా? పాదం ఎత్తకుండా ఈడుస్తున్నాడా? అది కూడా నోటుపుస్తకంలో రాయండి.

5. నిలకడ

పాదాలు రెండూ దగ్గరగా చేర్చి పది సెకన్లు. తర్వాత ఒక పాదం సగం ముందుకు జరిపి పది సెకన్లు. తర్వాత ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్ళు తగిలేలా ఒకే వరసలో పెట్టి పది సెకన్లు. చివరికి ఒంటికాలి మీద. మూడోది పది సెకన్లు నిలవలేకపోతే జాగ్రత్త పడాలి. మీరు పక్కనే, చేయి అందేంత దగ్గరలో నిలబడి ఉండండి. ఈ పరీక్ష ఒంటరిగా ఎవరూ చేయకూడదు.

మరి ఫోను చూపించే అడుగుల సంగతి?

మనవడు తాత ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టాడనుకుందాం. సాయంత్రం చూస్తే 900. “తాతా, పదివేలు నడవాలంట!” తాత ఆ మాటతోనే వదిలేస్తాడు.

రెండు తప్పులు జరిగాయి ఇక్కడ. ఫోను పంచె మడతలో లేదు, టీవీ పక్కన చార్జింగులో ఉంది. జేజి సంగతయితే చీరకు జేబే లేదు. అదీగాక మెల్లగా, పాదం ఈడుస్తూ నడిచేవాళ్ళ అడుగుల్ని ఫోన్లు, గడియారాలు తక్కువగా లెక్కపెడతాయి. పైగా ఆ పదివేలు డాక్టర్లు చెప్పిన అంకె కాదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో ‘మాన్‌పో-కే’, అంటే పదివేల అడుగుల మీటరు అనే పేరుతో ఒక యంత్రం అమ్మకానికి వచ్చింది. అక్కడి నుంచి లోకమంతా పాకింది. 2019లో సగటున 72 ఏళ్ళున్న పదహారు వేల మందికి పైగా అమెరికా ఆడవాళ్ళ అడుగుల లెక్క బయటికొచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు.

కాబట్టి పదివేలు మరిచిపోండి. నడుముకు చిన్న సంచి కట్టి అందులో ఫోను వేసి ఒక వారం చూడండి. సగటున 2,000 వస్తే వచ్చే నెలకు 2,500 చాలు. మామూలు నడకలో నిమిషానికి సుమారు వంద అడుగులనుకుంటే అది అదనంగా ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలు అడిగితే ఎవరు కాదంటారు?

ఇక కదిలించడం ఎలా?

కొలత మీ చేతిలో ఉంది. ఇప్పుడు చాలామంది చేసే మొదటి తప్పు, “నాయనా, రేపటి నుంచి వ్యాయామం చెయ్యాల” అని ప్రకటించడం.

ఆలోచించి చూడండి. పదిహేనేళ్ళకే నాగలి పట్టిన మనిషి. గుంటక తోలాడు, మూటలు మోశాడు, కరువు పనిలో గుంతలు తవ్వాడు. ఆయన్ను పట్టుకుని ఊరంతా చూస్తుండగా చేతులు గాల్లో ఊపమంటున్నారు. ఆయనకు అది పనీపాటా లేనివాళ్ళు చేసేదిగా కనిపిస్తుంది, సిగ్గేస్తుంది. ఆ సిగ్గును మీరు గౌరవించాలి. మన పల్లెల్లో ‘వ్యాయామం’ అనే మాటకు కాళ్ళు లేవు, ‘పని’ అనే మాటకు ఉన్నాయి.

1. తీసేసుకున్న పనుల్లో ఒకటి వెనక్కి ఇవ్వండి. ఆ పని కోసం అవతల ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. అదే కిటుకు. “ఊరికే అట్ల నడిచి రా నాయనా” అంటే రెండు రోజులు వెళ్తాడు. “పాపను బడి బస్సు దాకా నువ్వే దింపాల నాయనా, నాకు షిఫ్టుంది” అంటే రోజూ వెళ్తాడు. పాలకేంద్రానికి పాలు పోసి రావడం, మేకపిల్లలు రెండు సాకడం, పెరట్లో మునగకు, కరివేపాకుకు నీళ్ళు పోయడం, డ్రిప్పు పైపులు ఎక్కడ పూడుకున్నాయో తోటంతా తిరిగి చూసి రావడం. మోటరు ఫోన్లో వేయొచ్చు, కానీ ఏ చెట్టుకు నీళ్ళు అందలేదో ఫోను చెప్పదు. అది ఆయన కళ్ళే చెప్పాలి. ఆ మాట ఆయనతో అనండి. అబద్ధం కాదు కాబట్టి ఆయన నమ్ముతాడు.

గనికి భూమి పోయిన ఇంట్లో ఈ పని మరీ అవసరం. పరిహారం డబ్బు వచ్చి ఉండొచ్చు, కొడుక్కి ఉద్యోగం వచ్చి ఉండొచ్చు. పెద్దాయనకు మాత్రం పొద్దున లేచి వెళ్ళే చోటు పోయింది. అలాంటి మనిషికి నడవమని చెప్పడం కంటే వెళ్ళడానికో చోటు చూపించడం ముఖ్యం.

2. ఇద్దరిద్దరుగా. జేజి ఒక్కతే సాయంత్రం రోడ్డు మీద నడిస్తే “యాడికి పోతాండావ్?” అని నలుగురు అడుగుతారు. నాలుగోసారికి ఆమె మానేస్తుంది. పక్కింటావిడతో కలిసి గుడికి పోతే ఎవరూ అడగరు. అందుకే తోడు చూడండి. రోజూ ఒకే వేళ, టీ తాగిన వెంటనే. ఒకరు బద్ధకిస్తే ఇంకొకరు వాకిట్లోకొచ్చి పిలుస్తారు. ఏ యాప్ కూడా ఆ పిలుపుకు సాటి రాదు.

3. కళ్ళకు కనిపించే గమ్యం. మీ జేజికి శ్రావణమాసం శనివారాల్లో గండి ఆంజనేయస్వామిని చూడాలని ఉంటుంది. వేంపల్లె దగ్గర పాపఘ్ని ఒడ్డున, ఎంతో దూరం లేదు. “ఈసారి బండి దిగినకాడి నుంచి స్వామి దాకా ఎవురి చెయ్యి పట్టుకోకుండా నడుస్తావా జేజీ?” అని ఉగాది నాడే అడగండి. ఉగాదికీ శ్రావణానికీ మధ్య నాలుగు నెలలుంది. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవడానికి ఆ నాలుగు నెలలు బాగా సరిపోతాయి.

4. బలం కోసం ఇంట్లోనే నాలుగు పనులు. కుర్చీ పరీక్షనే కసరత్తుగా మార్చండి. భోజనానికి ముందు ఐదుసార్లు లేచి కూర్చోవాలి, పూటపూటా. వాకిలి ద్వారబంధం పట్టుకుని మడమలెత్తి వేళ్ళ మీద పదిసార్లు నిలవాలి. లీటరు నీళ్ళ సీసా అంటే ఒక కిలో, కూర్చునే దాన్ని భుజం దాకా ఎత్తి దించొచ్చు. గోడ పక్కనే మడమకు వేళ్ళు తగిలిస్తూ ఒకే వరసలో పది అడుగులు నడవాలి. “ఈ వయసులో బలం యాడొస్తుందిలే” అంటారా? 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ చుట్టూ ఉన్న పదిమంది చేత బరువులతో కాళ్ళ కసరత్తు మొదలుపెట్టించారు. ఎనిమిది వారాల్లో వాళ్ళ కాళ్ళ బలం రెట్టింపుకు మించి పెరిగింది. తొంభైలో వచ్చింది, డెబ్బైలో రాదా?

5. చెక్కభజన. మీ ఊళ్ళో ఇంకా మిగిలి ఉంటే పెద్దవాళ్ళను దూరం పెట్టకండి. తాళానికి అడుగులు, పక్కకు జరగడం, వెనక్కి తిరగడం, చుట్టూ మనుషులు. నిలకడకు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు. పూర్తి వరసలో కాకపోయినా చివర నిలబడి నాలుగు అడుగులు వేయనివ్వండి.

ఎండ, నేల, చెప్పులు

మన సీమలో ఎండ సంగతి మరిచి నడక గురించి చెప్పడం పాపం. మార్చి నుంచి జూన్ దాకా నడకేదైనా పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం పొద్దు వాలాక. వెళ్ళే ముందు ఒక గ్లాసు నీళ్ళు, వచ్చాక మజ్జిగో అంబలో. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళయితే డాక్టరు చెప్పినంతే. షుగరున్నవాళ్ళను వట్టికాళ్ళతో పంపకండి, కాలిన సంగతి వాళ్ళకు తెలియకపోవచ్చు. మందు వేసుకుని ఏమీ తినకుండా వెళ్ళనివ్వకండి. అరిగిపోయిన హవాయి చెప్పులు పారేసి, వెనక పట్టీ ఉన్నవి కొనివ్వండి.

ఇంకొకటి, ఇది మీ ఇంటికే సంబంధించింది. స్నానాల గదిలో నున్నటి కడప బండ, దాని మీద సబ్బు నీళ్ళు. పెద్దవాళ్ళు పడేది చాలాసార్లు అక్కడే. గరుకు బండ వేయించండి, లేదా కనీసం జారని పట్టా పరచండి. గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించండి. రాత్రి లేచినప్పుడు దారి కనిపించేలా చిన్న బల్బు పెట్టండి. ఒకసారి పడ్డ మనిషి తర్వాత భయంతో నడక మానేస్తాడు. మానేసినందుకు కాళ్ళు ఇంకా బలహీనపడి మళ్ళీ పడతాడు. ఆ గొలుసును ఒక కడ్డీతో తెంపొచ్చు.

ఈ తప్పులు మాత్రం చేయకండి

మోకాళ్ళ నొప్పి ఉందని నడక మాన్పించడం. “అరిగిపోయిన మోకాళ్ళు ఇంకా అరుగుతాయి” అనే మాట మన ఊళ్ళలో బాగా పాతుకుపోయింది. మోకాలి కీళ్ళవాతానికి ప్రపంచమంతా డాక్టర్లు మొదట రాసే వాటిలో కసరత్తు ఒకటి. నడిచేటప్పుడు కొంచెం నొప్పి పెట్టి మర్నాటికి సర్దుకుంటే ఫర్వాలేదు. మర్నాడు పొద్దునకు ఇంకా ఎక్కువైతే ఆ రోజు సగం చేయమనండి, పూర్తిగా మానొద్దు.

మొక్కు ఉందని ఒక్కసారిగా అలిపిరి మెట్లెక్కించడం. అవి 3,550 మెట్లు. అరవై దాటి షుగరు, బీపీ, కీళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు కాలినడకన రావొద్దని టీటీడీయే సూచించింది. దేవుడు తొందరపెట్టడు.

పదిమందిలో పోల్చడం. “నీ ఈడోడే గదా, ఆయన చూడు ఎట్ల నడుస్తాండాడో” అన్న మాటతో ఎవరూ లేచి నడవలేదు. దానికి బదులు, “పోయిన నెల తొమ్మిది సార్లు లేచినావ్ నాయనా, ఇప్పుడు పదకొండు” అనండి. ముఖంలో వచ్చే వెలుగు మీరే చూస్తారు.

ప్రమాద సూచనల్ని ఓర్చుకోమనడం. గుండెలో బరువు, నొప్పి ఎడమ చేతికి పాకడం, కళ్ళు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపాలి, 108కి ఫోన్ చేయాలి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషనయినవాళ్ళు, ఈ ఏడాదిలో రెండుసార్లు పడ్డవాళ్ళు పరీక్షలు కూడా డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టాలి. పులివెందుల దాకా వెళ్ళాల్సి వచ్చినా వెళ్ళండి. ఊరికి వచ్చే ఏఎన్ఎం అమ్మకు మీ నోటుపుస్తకం చూపించండి. అంకెలు రాసి ఉన్న కాగితం చూస్తే ఆమె కూడా ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతుంది.

ఒకటో తేదీ

కొలతలు రోజూ తీయకండి, అది ఇద్దరికీ విసుగు. నెలకు ఒకసారి చాలు. మరి గుర్తుండేదెట్లా? గుర్తుచేయడానికి ఒక మనిషి నెలనెలా మీ ఇంటికే వస్తున్నాడు. పింఛను ఇచ్చే రోజే కొలత రోజు. పింఛను లేని ఇల్లయితే ఇంకేదైనా తేదీ ఖాయం చేసుకోండి. అంకెల్ని గోడ మీద క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. మనవడు రాస్తే ఇంకా మంచిది. తాత అంకె ఎంతో చెప్పడానికి వాడికి ఉత్సాహం, వాడి ముందు తగ్గకూడదని తాతకు పట్టుదల.

ఏ నెలైనా అంకె తగ్గిందా? తిట్టకండి. జ్వరం వచ్చిందా, ఎవరైనా పోయారా, నిద్ర పడుతోందా, కొత్త మందు ఏదైనా మొదలైందా అని అడగండి. రెండు నెలలు వరసగా తగ్గితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

రేపు పొద్దున మీ నాయన మళ్ళీ టవలు భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కుంటాడు. ఆ చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టండి. వచ్చే ఒకటో తేదీన పింఛను ఇచ్చినవాళ్ళు వాకిలి దాటగానే చెక్క కుర్చీ గోడకు ఆనించి వేయండి. ముప్పై సెకన్ల పనే అది.